పిల్లలే పెట్టుకున్న రూలు

వంశధార దగ్గర ఒక చిన్న ఊరు. ఆదివారం, ఎండ వాలుతున్న వేళ. అరుగు మీద ఇద్దరు: ఇంటి పెద్ద జగ్గమ్మ, ఆమె మనవరాలు ఝాన్సీకి నాలుగో తరగతి చెప్పే టీచరు అరుణశ్రీ.

“కొట్టు తల్లీ. ఒక్కటి, పిర్ర మీద. మరీ గట్టిగా ఒద్దు.”

“మామ్మగారూ, ముందు ఆ బరికె కింద పెట్టండి.”

“నానే ఇరిసి తెచ్చాను. సింత బరిక, పచ్చిది. కణుపులన్నీ సెక్కీసినాను, ఒంటికి గీరుకోకుండా. సూడు, ఎంత నున్నగున్నాదో.”

“నేను కొట్టడానికి రాలేదండీ. ఝాన్సీ మంగళవారం నుంచీ బడికి రావట్లేదు. ఎందుకో కనుక్కుందామని వచ్చాను.”

“అదే గదా సెప్తన్నాను. కొడితే ఏడుస్తాది. ఏడిస్తే గొంతు పెగుల్తాది. గొంతు పెగిలితే మాట వస్తాది. అంతే గదా.”

“మాట రావడం ఏమిటి? ఝాన్సీకి మాట రావట్లేదా?”

“రావట్నేదో, అదే రానివ్వట్నేదో, నాకేటి తెలుసు. సోమవారం సాయంకాలం నుంచీ నా గుంట నోరిప్పనేదు. నాతోటి నేదు, వాళ్ళమ్మతోటి నేదు. ఎల్లాజీ పిలిస్తే పలకదు. ఎల్లాజీ అంటే నా కొడుకు, దీని బాబు. ఆడు గెడ్డం పట్టుకుని బతిమాలాడు కూడాను.”

“డాక్టరుకి చూపించారా?”

“సూపించకుండా ఉంటానేటి? ఆటో కట్టించుకుని టౌనుకి తీసుకెల్లినాను. ఆయన నోట్లో లైటేసి సూసాడు. ‘ఆ’ అనమన్నాడు. అన్నాది. ఎంత బాగా అన్నాది తల్లీ, నాకు కడుపు నిండిపోనాది. బయటికొచ్చాక ‘ఏటే, ఆయనకి ఆ అన్నావు గదా, నాకు మామ్మా అను’ అన్నాను. మూతి బిగించీసింది.”

“డాక్టరు ఏమన్నారు?”

“గొంతు శుబ్బరంగా ఉన్నాది, ఇంట్లో ఏదో అయ్యుంటాది అన్నాడు. మా ఇంట్లో ఏటవుతాది? పక్కూర్లో తాడు కట్టీవోడి దగ్గరికి కూడా ఎల్లినాను. ఆడు బయపడ్డాది అన్నాడు. దేనికిరా బాబూ అంటే సెప్పడు. నల్ల తాడు కట్టాడు. తాడు కట్టించుకుంది గానీ మాట మట్టుకు నేదు. ఇంక నువ్వే మిగిలినావు.”

“నేను తాడు కట్టేవాడి తర్వాతా మామ్మగారూ?”

“నవ్వు, నవ్వు. దానికి నువ్వంటే ఎంతనుకున్నావు? బడి తెరిసినకాడ్నించీ నీ కత తప్ప ఇంకో కత నేదు నాకు. ‘మా టీచరు తలుపుకాడ నిలబడి అందరికీ సెయ్యిస్తాది మామ్మా. మా టీచరు కొట్టదు మామ్మా.’ నువ్వు మా గడప తొక్కడం ఇదే మొదలు గానీ, నీ కడుపులో ఏటున్నాదో కూడా నాకు తెలుసు. మజ్జిగ తాగవు, జలుబు సేస్తాది. మీది కొత్తవలస. రైలు కట్ట పక్కనే ఇల్లు, రైలొస్తే గిన్నెలు కదుల్తాయి. ఇక్కడ మండలంలో గది తీసుకుని ఒక్కర్తివే ఉన్నావు. పెళ్ళి అడిగితే మాట మారుస్తావు.”

“అది కూడా చెప్పిందా?”

“అది నాను కనిపెట్టాను.”

“ఇప్పుడెక్కడుంది?”

“ఆ గదిలోనే, తలుపెనకాల. బియ్యం డబ్బా మీద కూకున్నాది. అన్నీ ఇంటాది. సెవులు పాముసెవులు.”

“ఝాన్సీ, నేనమ్మా, అరుణ టీచర్ని.”

“సూసావా.”

“ఝాన్సీ?”

“పలకదు. అందుకే కొట్టమన్నాను. తల్లి కొడితే పగ, టీచరు కొడితే సదువు.”

“మామ్మగారూ, నేను పిల్లల్ని కొట్టను. నేను చేరిన రోజునే మీ ఊరి పెద్దలు ఇలాంటి బరికెలు ఒక కట్ట తెచ్చి టేబిలు మీద పెట్టారు. కొట్టి చెప్పండి, మేం ఏమీ అనుకోం అన్నారు. ఆ బరికెలతోనే పిల్లలు బడి వెనక చిక్కుడు పాదుకి పందిరి వేశారు.”

“తెలుసు. ఆ పందిరి మీంచి నాలుగు కాయలు కోసుకొచ్చింది ఇది, జేబులో ఎట్టుకుని. అడిగి కోసావేటే అన్నాను. టీచరే కోసిచ్చింది, నీకిమ్మంది అన్నాది. నిజమేనేటి?”

“నిజమే.”

“నాలుగు కాయలేటి కూరవుతాయి? పులుసులో ఏసాను. తిన్నాం, అందరం. మా సిన్నప్పుడు ఇలాటి బడి నేదు తల్లీ. నాను ఎల్లింది ఒక్క వానాకాలమే. జగన్నాధం మేస్టారని ఉండీవోరు. పొట్టిగా, మీసం సగం నెరిసి. ఆయనా కొట్టీవోరు. నన్నూ కొట్టారు. ఎందుకో సెప్పనా?”

“పాఠం మధ్యలో మాట్లాడారు.”

“నీకెవరు సెప్పారు?”

“నేను కనిపెట్టాను.”

“బాగానే ఉన్నాదే. అవును, మాటాడినాను. అరిసెయ్యి ఎర్రగా కందిపోనాది. ఆ సాయంకాలం మా అయ్య పొలం నుంచి వస్తంటే మేస్టారు ఎదురెల్లి ‘నీ కూతుర్ని కొట్టీసినాను, సెయ్యి వాసిందేటో సూడు’ అన్నారంట. కొట్టినాయనే ఎల్లి అడిగారు. అందుకే నాను అనుకుంటాను, కొడితే మనిసి దగ్గరికొస్తాడు గదా అని.”

“కొట్టినందుకు దగ్గరయ్యారా, అడిగినందుకా?”

“ఆగు. అదీ నిజమే. కొట్టినోలు శానామంది ఉన్నారు. మా అత్త, మా ఆయన, మా పెద్దాడపడుసు. ఆలెవరినీ ఇలాగ తల్సుకోను. సరే, నువ్వు కొట్టవు. మరి గుంటలు అల్లరి సేస్తే ఏటి సేస్తావు?”

“కూర్చోబెట్టి మాట్లాడతాను. పొద్దున్నే తలుపు దగ్గర నిలబడి ఒక్కొక్కరినీ పేరుతో పలకరిస్తాను. మొహం చూస్తే తెలిసిపోతుంది, ఎవరు తినకుండా వచ్చారో, ఎవరు ఇంట్లో ఏడ్చి వచ్చారో. అలాంటివాళ్ళని ఆ రోజు ఏమీ అనను.”

“మంచిదే. మరి సోమవారం ఏటయింది?”

“సోమవారమా?”

“ఇది రోజూ బడి నుంచి వస్తానే సంచీ ఇసిరీసి, కాళ్ళు కడుక్కోకుండా ‘మామ్మా ఏటయిందో తెలుసా’ అంటాది. సోమవారం సంచీ తెచ్చి మేకుకి తగిలించింది. మెల్లగా, సప్పుడు నేకుండా. అప్పుడే నా గుండెల్లో రాయి పడ్డాది. ఏటయింది తల్లీ?”

“ఏమీ కాలేదండీ.”

“ఏటీ కానేదా.”

“చిన్నదే. పిల్లల మధ్య ఏదో. టీ చాలా బాగుంది మామ్మగారూ.”

“అది టీ కాదు, సొంటి కాపీ. మాట మార్చడంలో నువ్వు నా ముందు గుంటవి. సిన్నది ఏటి?”

“అంటే, మాకు శిక్షణలో చెప్పారు. తరగతి గదిలో నియమాలు టీచరు పెట్టకూడదు, పిల్లలే పెట్టుకోవాలి. వాళ్ళు పెట్టుకున్నదైతే వాళ్ళే గౌరవిస్తారు, దెబ్బలతో పనుండదు అని. నేను నమ్మాను. ఇప్పటికీ నమ్ముతాను. ఆ సోమవారానికి ముందు శనివారం అందర్నీ గుండ్రంగా కూర్చోబెట్టాను. నేనూ వాళ్ళతోబాటు కిందే కూర్చున్నాను.”

“సెప్పు.”

“మీకేం రూల్సు కావాలో చెప్పండి అన్నాను. ఎంత బాగా చెప్పారో. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు మధ్యలో మాట్లాడకూడదు. వంకర పేర్లు పెట్టి పిలవకూడదు. పెన్సిలు అడిగి తీసుకోవాలి. అన్నీ రాసుకున్నాం.”

“మంచివే గదా అన్నీ.”

“మంచివే. తర్వాత, రూలు తప్పితే ఏం చేద్దాం అని అడిగాను. కొట్టడం, తిట్టడం కాకుండా ఏదైనా చెప్పమన్నాను.”

“ఏటన్నారు?”

“నేను ఆలోచిస్తారనుకున్నాను. ఆలోచించలేదు. అందరూ ఒక్కసారే చెప్పేశారు.”

“ఏటి సెప్పారు?”

“తప్పు చేసినవాళ్ళతో ఎవరూ మాట్లాడకూడదు, సారీ చెప్పేదాకా. అని.”

“ఎవరూ మాటాడకూడదు. అని.”

“నాకు ముచ్చటేసింది మామ్మగారూ. దెబ్బ లేదు, తిట్టు లేదు, గోడకుర్చీ లేదు. పిల్లల మనసు ఎంత మెత్తన అనుకున్నాను. రంగు పెన్నుతో పెద్ద చార్టు మీద నేనే రాసి గోడకి అంటించాను. కింద అందరి చేతా బొటనవేలి ముద్రలు వేయించాను, నీలం రంగులో.”

“ఆ మాట ముందన్నది ఎవరు? గిరిబాబేనా? ఊరి పెద్ద మనవడు, తెల్లగా ఉంటాడు.”

“గిరిబాబే. కానీ ఆ వెంటనే అందరూ అన్నారు. ఝాన్సీ ఒక్కతే అనలేదు. అప్పుడు నేను పట్టించుకోలేదు. మీరు అడుగుతుంటే ఇప్పుడు గుర్తొస్తోంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.”

“ఆ రూలు ముందు తప్పింది నా గుంటే గదా.”

“మీకెలా తెలుసు?”

“దాని నోరు నా నోరే. మజ్జిలో మాటాడి ఉంటాది.”

“అవునండీ. సోమవారం శైలజ లేచి లెక్క చెబుతోంది, మధ్యలో ఈవిడ జవాబు చెప్పేసింది. ఊరికే, సంతోషం పట్టలేక. పిల్లలు ‘రూలు, రూలు’ అని మొదలుపెట్టారు. విడిగా ఒక చాప వేసి దాని మీద కూర్చోబెట్టారు. నేను ఊరుకున్నాను. వాళ్ళ రూలు వాళ్ళు పాటిస్తున్నారు కదా అని.”

“అది సారీ సెప్పనేదేటి?”

“చెప్పలేదు. చెప్పమ్మా, చెబితే అయిపోతుంది కదా అని నేనూ అన్నాను. నా మొహం చూసింది. ఏదో అడగబోయినట్టు చూసి, తల దించుకుంది.”

“మా ఊరు నీకేటి తెలుసు తల్లీ.”

“తెలీదు మామ్మగారూ. చెప్పండి.”

“మమ్మల్ని ఎలేసారు.”

“వెలేశారా? మిమ్మల్నా? ఎప్పుడు?”

“ఇది ఒకటో తరగతిలో ఉన్నప్పుడు. రెండో తరగతిలోకి వచ్చినా ఇంకా ఉన్నాది. కోడి కూసినట్టు పొద్దల్లా మాటాడీదాన్ని నాను, నా ఇంటినే ఎలేసారు.”

“ఏం చేశారని?”

“ఉన్నదాన్ని ఉన్నాదన్నాం. సెరువు గట్టు దాటితే చర్చి ఉన్న పేట సూసావు గదా. ఆ పేటోలు సచ్చినోలిని మోసుకెల్లీ తోవ ఒకటి మా ఊరోల పొలాల మజ్జి నుంచి ఉండీది. మెల్లమెల్లగా దున్నీసి మడిలో కలిపీసుకున్నారు. పేట నుంచి బెన్హర్ అర్జీ ఎట్టాడు. ఆఫీసరొచ్చి, ఇక్కడ తోవ ఉండీదా అని ఊర్ని అడిగాడు. నేదని సెప్పాలని అందరూ ముందే అనుకున్నారు. ఎల్లాజీ ఇంటికొచ్చి నన్నడిగాడు. అమ్మా, నీకేటైనా గుర్తున్నాదేటి అన్నాడు.”

“మీకు గుర్తుంది.”

“నాకు గుర్తు నేకపోడమేటి? బెన్హర్ తాత ఎలీషా శవప్పెట్టి ఆ తోవనే ఎల్లింది. ఆ రోజు వాన. బురదలో మోసీవోల కాళ్ళు జారిపోతన్నాయి. మేం నాటుతన్నాం. మా ఆయన మడిలోంచి లేసెల్లి పెట్టికి ఒక పక్క బుజం పట్టాడు. పెట్టి మీద తెల్ల గుడ్డ, దాని మీద ఎవరో బంతిపూలేసారు, వానకి అవి ఒక్కొక్కటీ రాలిపోయి తోవంతా పసుపు. అన్నీ ఉన్నాయి కళ్ళల్లో. ‘ఉండీదిరా’ అన్నాను. ఆడెల్లి ఉండీది అన్నాడు. అంతే.”

“అంత మాటకేనా?”

“ఆ సాయంకాలం రామమందిరం కాడ కూకుని అనుకున్నారు. ఆ ఇంటితో ఎవరూ మాటాడకూడదు. మాటాడినోలకీ అదే. మర్నాడు నాను నూతికాడికెల్తే అక్కడ మాటలు ఆగిపోనాయి. బిందె నింపుకుని ఎనక్కి తిరిగాను, మళ్ళీ మొదలు. కొట్టుకెల్తే కొట్టోడు నేడు, కొట్టు తెరిసే ఉన్నాది. నాట్లకి ఆడోలు రానేదు. పేట నుంచి బేబీ అనీ ఆడమనిసి, ఇంకో ఇద్దరు వచ్చి ఒంగితే ఆ యేడు నాలుగు గింజలు. ఆలైనా రోజూ రానేరు గదా, ఆల కూడు ఆలకి. నాను మేకతోటి మాటాడీదాన్ని. నవ్వకు.”

“నవ్వట్లేదండీ.”

“మేక బాగానే ఇంటాది. తలాడిస్తాది. ఎదురు సెప్పదు, అదొక్కటే లోటు.”

“మరి ఝాన్సీ అప్పుడు?”

“దాని పక్కన ఎవరూ కూకోనేదు. ఈదిలో ఆడుకుందామని ఎల్తే గుంటలందరూ ఇళ్ళల్లోకి ఎల్లిపోయీవోరు. ఆల తప్పేటున్నాది, తల్లులు సెప్పింది సేసారు. పక్కిల్లు నా తోడికోడలు అప్పలమ్మది. మజ్జిన గోడొక్కటే. ఇద్దరం ఒక ఇంటికి కోడళ్ళుగా వచ్చి, ఒక పొయ్యి కాడ ముసిలోలమయ్యాం. అదీ మానీసింది మాట. ఏటి సేస్తాది, దానికీ కొడుకులున్నారు. ఒకసారి దీనికి జరమొచ్చింది. అప్పలమ్మ మనసాగక గోడ మీంచి ‘ఎలాగున్నాదే గుంటా’ అన్నాది. మెల్లగా. ఇది ‘తగ్గింది సిన్నమామ్మా’ అని గట్టిగా సెప్పింది. సిన్న గుంట గదా, పలకరిస్తే సంతోసం. ఎవరో ఇన్నారు.”

“ఆవిణ్ణీ వెలేశారా?”

“మర్నాటికే. పెద్ద కొడుకు తిట్టాడు. ముసిల్ది ఆ బెంగతోటి సిన్నకొడుకు దగ్గరికి బొబ్బిలి ఎల్లిపోనాది. మరి రానేదు. ఎల్తన్నప్పుడు నా గుమ్మం వైపు సూసింది. మాటాడనేదు. నానూ మాటాడనేదు.”

“మామ్మగారూ.”

“ఏటీ నేదులే. తరవాత పైనుంచి ఎవరో పెద్దాఫీసరొచ్చాడు. ఇలాటిది నేరం, కేసవుతాది అని కేకలేసాడు. మర్నాటి నుంచి మాటాడినారు.”

“అయితే తీరిపోయింది కదా.”

“తీరిపోయింది. ‘ఏం వదినా, వండినావా?’ ‘వండాను.’ ‘వానొస్తాదంటావా?’ ‘వస్తాదేమో.’ అయిపోయింది. ఆ పైన మాట నేదు. ఇదివరకు నాను నూతికాడికెల్తే బిందె నిండినా కదిలీదాన్ని కాదు. ఇప్పుడు పిలిస్తే నాట్లకీ వస్తన్నారు. కూలి తీసుకుంటారు, ఎల్లిపోతారు. మా కోడలితో పాట కలపరు. మాట ఒకసారి పోయాక మళ్ళీ తెచ్చినా, అది ఆ మాట కాదు తల్లీ.”

“అందుకే మీకు ఝాన్సీ అంటే...”

“నాకు మిగిలింది అదొక్కతే. ఎల్లాజీ, కోడలు తెల్లారకుండా సేలోకెల్తే పొద్దుగూకి వస్తారు. ఈ ఆదివారం కూడా ఎల్లినారు. వచ్చి తినీసి ఒరుగుతారు. నాను పొద్దల్లా మాటలు దాసుకుని కూకుంటాను. ఇది బడి నుంచి వస్తాది. దానివి అది సెప్తాది, నావి నాను సెప్తాను, ఎవరిదీ ఎవరూ ఇనం. అంత సుకం. ఇప్పుడు సూడు, ఇంట్లో గోడగడియారం సప్పుడు ఇనబడతన్నాది. అది ఉన్నాదని కూడా నాకు తెల్దు.”

“నేను ఆ సాయంత్రంతో అయిపోయిందనుకున్నాను. లాంగ్ బెల్ కొట్టాక ఆ చాప నేనే మడిచాను. ఇంటికెళ్ళాక మర్చిపోయాను కూడా.”

“సాప మడిసావు. ఎలి తీసీసినామని నోటితో అన్నావా?”

“అనలేదు. అనాలా?”

“ఏసినోలు అందరి ముందూ నోటితో సెప్పాల. సెప్పకపోతే ఉన్నట్టే. మా ఊర్లో ఇది సంటి గుంటలకి కూడా తెలుసు.”

“అంటే పిల్లలు బయట కూడా...”

“మంగళవారం ఇది గుమ్మంలోకొస్తే, ఈదిలో ఎల్తన్న గుంటలందరూ నోటికి సెయ్యి అడ్డమెట్టుకున్నారు. నాను ఏదో ఆటనుకున్నాను. బాగున్నాదర్రా అని నవ్వాను కూడాను.”

“నేనే చేశాను మామ్మగారూ ఇదంతా.”

“నువ్వేటి సేసావు. మేం నేర్పింది ఆలు నీకు సెప్పారు.”

“అడిగి ఉండాల్సింది. ఇది మీకెక్కడ తెలుసర్రా అని ఒక్క మాట. ముచ్చటపడ్డాను తప్ప అడగలేదు.”

“కళ్ళు తుడుసుకో. గుంట సూస్తాది సందులోంచి.”

“సాయంత్రం ఆ గదిలో తలుపేసుకుంటే, అమ్మతో ఫోన్ అయిపోయాక నాకు మాట్లాడేవాళ్ళు ఉండరు. మళ్ళీ నోరు తెరిచేది పొద్దున్న బడి తలుపు దగ్గరే. అందరికంటే ముందు ఝాన్సీయే వచ్చేది. నిన్న మామ్మ ఏమందో తెలుసా అంటూ. ఈ అయిదు రోజులూ తలుపు దగ్గర నిలబడితే ఏదో వెలితి. ఒక్క సంగతి మాత్రం నాకు అర్థం కావట్లేదు.”

“ఏటి?”

“బళ్ళో పిల్లలు మాట్లాడటం మానేశారు, సరే. మీరు మానలేదు కదా. ఇంట్లో మీతో ఎందుకు మాట్లాడదు?”

“అది నాకు తెలుసు.”

“ఏమిటి?”

“మెల్లగా. ఇంటాది. నా మీద కోపం.”

“మీ మీదా? ఎందుకు?”

“తోవ ఉండీదని గుర్తు సెప్పింది నానే గదా. గుర్తు నేదురా అంటే అయిపోయీది. నా గుర్తు దాని మెడకి సుట్టుకున్నాది. అప్పుడు సిన్నది, తెల్దు. ఇప్పుడు తెలిసొచ్చింది. మళ్ళీ బళ్ళో ఎలేసేసరికి, ఇదంతా ఈ ముసిల్దాని వల్లే గదా అనుకోదేటి? పక్కలో పడుకుంటే గోడవైపు తిరిగిపోతన్నాది. నాను సెయ్యేస్తే మెల్లగా తీసీస్తన్నాది. విదిలించదు. తీసీస్తాది.”

“అడిగారా?”

“అడగనేదు. అడిగితే అవునని తలాడిస్తే?”

“అందుకా బరికె?”

“నాను కొట్టనేను, సేతులు రావు. నువ్వు కొడితే ఏడుస్తా ఏదో ఒకటి అంటాది గదా. నన్ను తిట్టినా సరే. పాపిస్టిదానా అన్నా సరే. గొంతు ఇంటే సాలు.”

“ఆ బరికె ఇలా ఇవ్వండి. చిక్కుడు పందిరికి ఇంకొకటి కావాలి. లేవండి, తలుపు దగ్గరికి వెళ్దాం.”

“నేల మీద కూకుంటావేటి? పీటేస్తాను.”

“వద్దండీ. ఝాన్సీ, నేను లోపలికి రాను. తలుపు ఇవతలే కూర్చున్నాను. నువ్వేమీ చెప్పక్కర్లేదు, విను చాలు. ఆ రూలు తప్పు. పెట్టిన పిల్లలది కాదు తప్పు, రాసినదాన్ని నేను. నిన్ను ఒక్కదాన్నే చాప మీద కూర్చోబెడుతుంటే చూస్తూ నిలబడ్డాను. సారీ చెప్పాల్సింది నువ్వు కాదమ్మా, నేను. సారీ ఝాన్సీ.”

“గుంటకి టీచరు సారీ సెప్పడమేటి తల్లీ. ఎవరైనా ఇంటే ఏటనుకుంటారు?”

“విననివ్వండి. ఝాన్సీ, రేపు పొద్దున్న పిల్లలందరి ముందూ ఇదే చెబుతాను. ఆ రూలు కొట్టేస్తాను. తప్పు చేసినవాళ్ళతో ఏం చెయ్యాలో మళ్ళీ గుండ్రంగా కూర్చుని ఆలోచిద్దాం, నువ్వు కూడా చెప్పాలి. శైలజ నిన్న నన్ను అడిగింది, ఝాన్సీ ఎప్పుడొస్తుంది టీచర్ అని. దానికి...”

“మెల్లగా.”

“ఏమన్నావమ్మా?”

“మెల్లగా మాటాడండి టీచర్. గిరిబాబు వాళ్ళ మామ్మ నూతికాడికొచ్చీ టైము.”

“ఓలమ్మ నా తల్లీ, మాటాడినావేటే...”

“మామ్మగారూ, ఒక్క నిమిషం.”

“ఊరుకున్నాను. ఇదిగో, కొంగు నోట్లో ఎట్టుకున్నాను.”

“ఆవిడ వింటే ఏమవుతుంది ఝాన్సీ?”

“మీకూ అదే అవుతాది. మీరు ఒక్కరే ఉంటారు గదా గదిలో.”

“నాకేం కాదు. నీ మీద వెలి లేదు. నేను తీసేశాను.”

“ఎప్పుడు?”

“ఇప్పుడే. ఝాన్సీతో ఎవరైనా మాట్లాడొచ్చు. విన్నావా, నోటితో అన్నాను.”

“అందరి ముందూ అనాల.”

“రేపు అంటాను.”

“అయితే రేపటిదాకా ఉన్నాది.”

“సరే. రేపటిదాకా ఉంది. అందాకా మెల్లగా మాట్లాడుకుందాం, సరేనా? ఒకటి అడుగుతాను. మామ్మ మీద కోపమా నీకు?”

“కోపమేటి?”

“తోవ సంగతి మామ్మే చెప్పిందని.”

“తోవ ఉండీది గదా టీచర్. మామ్మ సూసింది.”

“మరి మామ్మతో ఎందుకు మాట్లాడవు?”

“మాటాడితే అంటుకుంటాది. నాను గట్టిగా పలికినాననే గదా సిన్నమామ్మని ఎలేసారు.”

“అమ్మానాన్నలతో అందుకేనా మానేశావు?”

“ఆలిద్దరున్నారు, ఒకలతో ఒకలు మాటాడుకుంటారు. మామ్మ ఒక్కతే. నావల్ల మామ్మని ఎలేస్తే, మామ్మ ఎవరితో మాటాడతాది టీచర్?”